అడుగు

నిన్న ఏం తిన్నారు?
అదే నా ఉద్యోగం, అడగడం.
వాల్పరైసో కొండ మీద, రేకుల గోడల క్లినిక్కులో
పొద్దున్నుంచీ పన్నెండు మందిని అదే అడిగాను.
పదమూడో మనిషి ఉబెర్లిందా.

"ఏమీ తినలేదమ్మా" అంది.
ఏమీ అంటే
పొద్దున రొట్టె, టీ.
మధ్యాహ్నం పొయ్యి దగ్గరే నిలబడి, గిన్నె తుడుచుకున్న రొట్టె.
సాయంత్రం టీని మా ఊళ్లో "పదకొండు" అంటారు,
ఎందుకంటే ఎవరి కథ వాళ్లు చెబుతారు.
ఆ పదకొండులో మూడు చెంచాల చక్కెర,
రొట్టె మీద కాస్త అవొకాడో,
పక్కింటి నెల్దా తెచ్చిన కేకు ముక్క,
అది కాదనకూడదు కదా.
రాత్రికి వంట లేదు. ఒంటరిదానికి రాత్రి వంటేమిటి?
రొట్టె ఆమె లెక్కలో తిండి కాదు.
గాలి, సముద్రం, రొట్టె. ఉండేవి ఉంటాయి.

ముప్ఫై ఒక్క ఏళ్లు బడి వంటశాలలో గరిటె తిప్పిన చెయ్యి అది.
నలభై లీటర్ల డేగిసా ఇద్దరాడవాళ్లు ఎత్తితే
ఒక చెవి ఎప్పుడూ ఆమెదే.
గుడ్లు పిల్లలకు, చేప పిల్లలకు,
చిక్కుడు గింజలు అడుగునుంచి తోడి పిల్లలకు,
పైన తేలిన తేట వంటావిడకు.
ఇంట్లోనూ అదే వరస.
మాంసం మొగుడికి,
ఎముకను అంటుకున్నది కొడుకులకు,
ఎముక ఉడికిన నీళ్లలో రొట్టె తనకు.
ఎవరూ అలా చెయ్యమనలేదు. ఎవరూ వద్దనలేదు.

తర్వాత ఒకాయన,
నాకంటే ముందు నా కుర్చీలో కూర్చున్నాయన,
కాటా వైపు చూసి, ఆమె వైపు చూడకుండా
"తగ్గించు" అన్నాడు.
ఏం తగ్గించాలో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.
గుడ్డు మానేసింది, ఖరీదు కూడాను.
గింజలు మానేసింది, కడుపుబ్బరమని.
ఆ వేసవంతా లెట్యూస్ ఆకులు, టీ.
ఆరు కిలోలు పోయాయి. వీధంతా మెచ్చుకుంది.
చలికాలానికి ఆరూ తిరిగొచ్చాయి.
కాటాకి తెలియనిది ఒకటే,
పోయినవీ వచ్చినవీ ఒకటి కావు.
తొడలోంచి కండ ఖాళీ చేసి వెళ్లింది,
ఆ ఇంట్లో కొవ్వు అద్దెకు దిగింది.
అద్దెకున్నవాడు గోడలు బాగుచేయిస్తాడా?

పిడికిలి బలం కొలిచే పరికరం చేతికిచ్చాను. "నొక్కండి."
నొక్కింది, పళ్లు బిగించి.
ముల్లు పద్నాలుగు దగ్గర వణికి ఆగింది.
కాటా ఎనభై రెండు అంది.
అంత మనిషిలో ఇంతే చెయ్యి.
"చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవండి."
ముందుకు వంగింది. వెనక్కి పడింది.
మళ్లీ.
మూడోసారి నవ్వింది.
"ఈ కుర్చీకి నేనంటే ఇష్టం."
నేను నవ్వలేదు. నవ్వాల్సింది.

ఇంటికి నూట నలభై ఆరు మెట్లట.
రొట్టెల కొట్టుకి తప్ప దిగదట.
దిగడం కాదు భయం, ఎక్కడం.
డెబ్బయ్యో మెట్టు దగ్గర ఎవరిదో నీలం గుమ్మం.
అక్కడ కూలబడి, పిల్లిని పలకరిస్తున్నట్టు నటిస్తుందట.
"నిజంగా పిల్లి ఉందా?"
"ఉండేది."

కాగితం మీద రాయాల్సినవి నాకు తెలుసు.
పూటకింత మాంసకృత్తులు, వారానికిన్నిసార్లు వ్యాయామం.
ఆ కాగితం రొట్టె చుట్టుకోడానికి పనికొస్తుందనీ తెలుసు.
కలం పక్కన పెట్టి అడిగాను.
"రేపు చిక్కుడు గింజలు వండితే
గరిటె ఎక్కడిదాకా ముంచుతారు?"
"ఎవరికి వడ్డించడానికి?"
"మీకే."
చాలాసేపు కిటికీలోంచి ఓడల్ని చూసింది.
ముప్ఫై ఒక్క ఏళ్ల గరిటెలో
ఆ ప్రశ్న ఎప్పుడూ పడలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా
సింకు దగ్గర నిలబడి రొట్టె తుంచుకుంటున్నాను.
నిన్న ఏం తిన్నావు?
నన్నెవరూ అడగరు.

నెలన్నరకు వచ్చింది. కాటా ఎనభై రెండే.
పిడికిలి పద్నాలుగున్నర.
ఆ అర రాయడానికి నా ఫారంలో గడి లేదు.
"నీలం గుమ్మం దాటి
ఇంకో మూడు మెట్లెక్కి కూర్చుంటున్నా" అంది.
"అక్కడ పిల్లి ఉంది."